పుత్తడి నాణెములపై అడవిమృగములు

నాణెములను సేకరించుట లోకమున చిరకాలముగా ఉన్న వేడుక. ఒకప్పుడు రాజులకును శ్రీమంతులకును మాత్రమే చెల్లిన ఈ వేడుక క్రమముగా సామాన్యులకును అలవడినది. ఇందు పెక్కుమందిని ఆకర్షించుచున్న శాఖ యొకటి కలదు. ఆఫ్రికాఖండపు అడవులలోని సింహము, ఏనుగు, ఖడ్గమృగము మొదలగువాని రూపములతో, ఇన్ని మాత్రమే యని ముందుగా లెక్క నిర్ణయించి కొట్టిన బంగారు నాణెములను కూర్చుటయే ఆ శాఖ. ఈ నాణెములతో ఎవరును సంతలో ఉప్పు కొనరు; బండి కిరాయి చెల్లింపరు. టంకశాల గడప దాటినది మొదలు పెట్టెలో భద్రముగా నుండుటకే అవి పుట్టినవి.

ఈ ముచ్చట నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతములలో చదువుకొను బాలబాలికలకు ఏమి పనికివచ్చునని కొందరడుగవచ్చును. పనికివచ్చును. ఏలయన, ఈ నేల పొరలనుండియు నాణెములు పలుమార్లు బయటపడినవి. వానిపైనను ఏనుగులు, సింహములు కలవు. ఆఫ్రికా నాణెమును ఈ నాణెమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఒక వస్తువు దేనివలన అరుదైనదగునో, దేనివలన అమూల్యమగునో తేటపడును.

లెక్కకట్టి కొట్టిన నాణెములు

దక్షిణాఫ్రికా దేశము 1967లో క్రూగెర్రాండ్ అను బంగారు నాణెమును వెలువరించినది. దానికి బొమ్మవైపున పూర్వపు అధ్యక్షుడు పాల్ క్రూగెర్ ముఖమును, బొరుసువైపున స్ప్రింగ్‌బాక్ అను ఆ దేశపు జింకయు కలవు. నాణెము తూకము 33.93 గ్రాములు. అందు మేలిమి బంగారము ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాములు. తక్కినది గట్టిదనమునకై కలిపిన రాగి. తన గనులలోని బంగారమును లోకమంతట అమ్ముకొనుటకు ఆ దేశము కనిపెట్టిన ఉపాయమిది. కనుక దీనికి లెక్కకట్టు లేదు; కొనువారున్నంతకాలము కొట్టుచుపోయినారు. వర్ణవివక్షకు నిరసనగా 1985లో అమెరికా దీని దిగుమతిని నిషేధించినది కూడ. దీనిపై జింక యున్నను, కొనువాడు కొనునది జింకను గాదు, బంగారమును.

మృగముకొరకే కొట్టిన నాణెముల కథ వేరు. 1974 మొదలు కొన్ని సంవత్సరములపాటు, ప్రపంచ వన్యప్రాణి నిధి అను సంస్థ పూనికతో, అనేక దేశములు తమ తమ అరుదైన జంతువులను నాణెములపై నిలిపినవి. టాంజానియా 1974లో చీతాను, బోట్స్వానా 1978లో గోధుమవన్నె దుమ్ములగొండిని, జాంబియా 1979లో అడవికుక్కను బంగారమున కెక్కించినవి. దుమ్ములగొండికి బంగారు పీఠము దొరకుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఆ నాణెముల ఉద్దేశము అందమైన జంతువును చూపుట కాదు. నశించుచున్న జంతువును జ్ఞాపకము చేయుట.

తరువాత 1994లో దక్షిణాఫ్రికా టంకశాల నాచురా అను శ్రేణిని సింహముతో ప్రారంభించి, ఆపై ఖడ్గమృగము, ఏనుగు, అడవిదున్న, చిరుతపులులను వరుసగా వెలువరించినది. జర్మనీలోని బవేరియా టంకశాల మొదట జాంబియా పేరను, 2004 నుండి సోమాలియా పేరను ఏనుగు నాణెములను ఏటేట క్రొత్త చిత్రముతో కొట్టుచు వచ్చినది. ఏనుగులు మిక్కిలి అరుదైపోయిన దేశము పేర, ఏనుగులే లేని దేశమున, ఏనుగు నాణెము పుట్టుట గమనింపదగిన విషయము. నాణెముపైని మృగము అడవిలోని మృగమునకు జనాభాలెక్క కాదు.

ఇట్టి నాణెమునకు వెల రెండు భాగములుగా నుండును. మొదటిది అందలి బంగారపు వెల. అది నాటి బజారు ధరనుబట్టి హెచ్చుతగ్గులు పొందును. రెండవది అరుదుతనమునకై చెల్లించు అదనపు వెల. టంకశాలవారు ఇన్ని మాత్రమే కొట్టెదమని ప్రకటింతురు. అందమైన పెట్టెలో నుంచి, యోగ్యతాపత్రము జతచేయుదురు. ఆ అదనపు వెల తిరిగి వచ్చునా రాదా యనుట కోరువారి సంఖ్యపై ఆధారపడును. వేయి నాణెములు మాత్రమే యున్నను, వానిని కోరువారు ఐదువందలమందియే యైనచో ఆ అరుదుతనమునకు అర్థము లేదు. బంగారము కొనుచున్నామా, బొమ్మను కొనుచున్నామా యని కొనువాడు ముందే తేల్చుకొనవలెను.

రోము చక్రవర్తులు చూపిన దారి

ఆఫ్రికా మృగములను నాణెములపై చూపుట మన కాలమువారు కనిపెట్టినది కాదు. క్రీస్తుకు పూర్వము 30వ సంవత్సరమున ఈజిప్టు రోమువారి వశమైనది. ఆ విజయమునకు గుర్తుగా అగస్టస్ కొట్టించిన నాణెములపై నైలునది మొసలి కనబడును. వానిలో వెండివియు, బంగారువియు కలవు. క్రీ. శ. 248లో, రోమునగరము పుట్టి వేయి సంవత్సరములు నిండినవని ఫిలిప్పు చక్రవర్తి గొప్ప ఉత్సవములు జరిపించెను. ఆ ఉత్సవములను పురస్కరించుకొని వెలువడిన వెండి నాణెములపై సింహము, జింకలు, నీటిగుఱ్ఱము ముద్రింపబడినవి. రాణి ఒటాసిలియా పేరిట వెలువడిన నాణెముపై నున్నది ఈ నీటిగుఱ్ఱమే. ఒక సందర్భముకొరకు, కొంతకాలము మాత్రమే, ఆఫ్రికా జంతువులతో కొట్టిన నాణెములు! నేటి ప్రత్యేక శ్రేణులకు ఇవి పూర్వీకులని చెప్పినచో తప్పు లేదు. భేద మొక్కటియే: ఆ నాణెములు పెట్టెలలో దాగలేదు, సిపాయి జీతముగను, అంగడివాని చిల్లరగను చేతులు మారినవి.

మెట్టనేలకు చేరిన బంగారము

రోము నాణెముల ప్రస్తావన వచ్చిన పిమ్మట మన ప్రాంతమునకు వచ్చుట కష్టము కాదు. ఆ నాణెములే ఇచ్చటికి నడచి వచ్చినవి. రోమువారు ఋతుపవనముల నెరిగి ఓడలలో మన తీరములకు వచ్చి, మిరియములు, సన్నని వస్త్రములు, మణులు కొనిపోవుచుండిరి. వారి సరకులు మనకు అంతగా అక్కరలేకపోవుటచే వెల చాలవరకు వెండిబంగారములతో చెల్లింపవలసి వచ్చెను. భారతదేశమునకు ఏటేట ఐదుకోట్ల సెస్టెర్సులు తరలిపోవుచున్నవని ప్లినీ అను రోమక పండితుడు తన గ్రంథమున వాపోయినాడు.

ఆ ధనములో కొంత కృష్ణానదీలోయ వెంబడి నల్లగొండ, పాలమూరు మెట్టలకు చేరినది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు వెండి నాణెములు పదిహేను వందలకు పైగా ఒకేచోట దొరకినవి. అదే జిల్లాలోని గూటిపర్తిలోను, నేడు వనపర్తి జిల్లాలో చేరిన వీపనగండ్లలోను రోమకుల బంగారు నాణెములు లభించినవి. 1965లో పరమేశ్వరీలాల్ గుప్త రచించిన ఆంధ్రప్రదేశ్ రోమక నాణెముల గ్రంథము ఇట్టి నిక్షేపములను వివరించినది.

మన దేశమున దొరకిన రోమక నాణెములలో కొన్నింటికి ముఖముపై ఉలిగాటు కనబడును. కొన్నింటికి అంచున రంధ్రమో, కొక్కెమో యుండును. వానిని మెడలో ధరించినారన్నమాట. పరదేశపు చక్రవర్తి ముఖము మన ఆడపడుచుల కంఠాభరణమైనది. ఈ అలవాటు మనకు కొత్తగాదు. కాసులపేరు ఎరుగని తెలుగిల్లు లేదు. తెలంగాణమున పెద్దలు నేటికిని చెప్పు పుతలీలు, మొదట వెనీసు నగరపు బంగారు డ్యుకాట్లే. వానిపై మనుష్యుల బొమ్మ లుండుటచే వానికి పుతలీ యను పేరు వచ్చినది. నాణెములను కూర్చి దాచుకొను వేడుకలో మన అవ్వలు ఎవరికిని తీసిపోరు.

ఏనుగు, సింహము, వరాహము

ఇక మన నాణెములపై మృగముల మాట. నేడు సూర్యాపేట జిల్లాలో చేరియున్న ఫణిగిరి ప్రాచీన బౌద్ధక్షేత్రము. అచ్చట 2024 మార్చిలో త్రవ్వకములు జరుపుచుండగా ఒక మట్టికుండ బయటపడినది. దాని మూతిపై ఒక పళ్లెమువంటి పాత్ర బోర్లించబడియున్నది; లోపల 3,730 సీసపు నాణెములు కలవు. ఒక్కొక్కదాని తూకము సగటున 2.3 గ్రాములు. ఒకవైపున ఏనుగు, రెండవవైపున ఉజ్జయినీ చిహ్నము. అవి ఇక్ష్వాకుల కాలమునకు, అనగా క్రీ. శ. 3, 4 శతాబ్దులకు చెందినవని పురావస్తుశాఖవారు నిర్ణయించినారు. బంగారము కాదు, వెండి కాదు, కేవలము సీసము. కరగించినచో వలకు కట్టు గుండ్లకు తప్ప మరి దేనికిని పనికిరాదు. అయినను ఆ కుండ వార్త దేశమంతట ప్రాకినది. ఎందుకనగా, అది ఎచ్చట, ఎంత లోతున, ఏ కట్టడము సమీపమున, ఎట్టి పాత్రలో దొరకినదో తెలిసియున్నది.

ఇక్ష్వాకుల తరువాత ఈ ప్రాంతము నేలినవారు విష్ణుకుండులు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని తుమ్మలగూడెము వద్ద దొరకిన వారి తామ్రశాసనములు ప్రసిద్ధములు. అచ్చటి ఇంద్రపాలగుట్టయే వారి ఇంద్రపాలనగరమని చరిత్రకారుల అభిప్రాయము. వారి నాణెములపై పంజా ఎత్తి నిలిచిన సింహము, వెనుకవైపున దీపముల నడుమ కలశము ఉండును. అయితే నల్లగొండ గుట్టలలో సింహములు తిరుగుచుండెనని దీనినిబట్టి అనుకొనరాదు. సింహము రాజచిహ్నము. సోమాలియా నాణెముపై ఏనుగు వలెనే, మన నాణెముపై సింహమును ఒక భావమునకు గుర్తు.

అన్నింటికంటె మన భాషలో నిలిచిపోయినది వరాహము. చాళుక్యుల లాంఛనము వరాహము. కాకతీయులును దానినే ధరించిరి. ఆ ముద్రనుబట్టియే బంగారు నాణెమునకు వరహా యను పేరు వచ్చినదందురు. రాజ్యములు పోయినవి, నాణెముపై బొమ్మలు మారినవి. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు తన వరహాపై ఏనుగులను పట్టి ఎగురు గండభేరుండమును నిలిపినాడు. అయినను నాణెము పేరు మాత్రము వరహాయే. సుమారు మూడున్నర గ్రాముల బంగారమున ఒక అడవిపంది పేరు వందలయేండ్లు జీవించినది. ఏ టంకశాల ప్రకటనయు ఒక మృగమున కింత కీర్తిని సంపాదించిపెట్టలేదు.

ఈ వరహాలు ఎంత దూరము పోయినవనుటకు ఒక ఉదాహరణము. తూర్పు చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు నాణెములు బర్మాదేశపు అరకాను తీరమునందలి దీవులలో దొరకినవి. దొరకినచోటు తెలిసినది కనుక, తెలుగువారి సముద్రవ్యాపారమున కది సాక్ష్యమైనది. అదే నాణెము ఎచ్చటిదో తెలియక ఒక అంగడిలో కనబడియుండినచో, అది వట్టి పాతబంగారమే.

రెండువిధములైన అరుదుతనము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నాణెమునకు అరుదుతనము ఎట్లు వచ్చును? ఆఫ్రికా మృగముల నాణెమునకు అది పుట్టుకతోనే వచ్చినది. ఒక అధికారి ఒక సంఖ్యను నిర్ణయించినాడు. మన వరహాలకు, రోమక నాణెములకు అది మరణముచే వచ్చినది. అవి వేలకొలది, లక్షలకొలది కొట్టబడినవి. యుద్ధములలో దోచుకొనబడి, నగలుగా మారి, క్రొత్త రాజుల టంకశాలలలో కరగి, మిగిలినవి కొన్ని మాత్రమే నేలలో దాగినవి. బంగారము 1,064 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగును. ఆ వేడికి కంసాలి కుంపటి చాలును. వేయియేండ్లు నేల కాపాడినదానిని ఒక మూస ఒక్క పూటలో మాపివేయును.

ఈ నష్టము గడచిన కాలపు మాట మాత్రమే కాదు. మెట్టప్రాంతపు పల్లెలలో పాటిగడ్డ లుండును. పూర్వము ఊళ్లుండి పాడువడిన దిబ్బలవి. రైతులు పాటిమన్నును బండ్లకెత్తి చెలకలకు తోలుకొందురు. వాన కురిసిన మరునాడు ఆ మన్నులో పూసలు, పెంకులు, ఒక్కొక్కప్పుడు నాణెములు తేలును. దొరకినది రాగియో సీసమో యైనచో పిల్లలు ఆడుకొని పారవేయుదురు. బంగారమైనచో భయము, ఆశ రెండును కలుగును. నలుగురికి తెలిసినచో సర్కారు పట్టుకొనిపోవునను భయమున దానిని చీకటిలో కరగింతురు. వేరొకవైపు లంకెబిందెల ఆశచే పాతగుళ్ల గర్భాలయములను, బురుజులను త్రవ్వి పాడుచేయువారు కలరు. ఇట్లు త్రవ్వినచోట బంగారము దొరకుట అరుదు; శాసనము పగులుట, విగ్రహము కూలుట నిత్యము.

కరగించినందున పోవునది బంగారము కాదు. అది తూకమునకు తూకము మిగిలియే యుండును. పోవునది వార్త. ఒక కుండలోని నాణెములలో అన్నింటికంటె చివరిది ఏ రాజుదో తెలిసినచో, ఆ కుండ అంతకు ముందు పూడ్చబడలేదని తేలును. నాణెములు అరిగియున్నచో అవి చాలకాలము చేతులు మారినవని తెలియును. ఏ ఊరిలో దొరకినదో తెలిసినచో పూర్వపు బాట ఏ దారిని పోయినదో ఊహింపవచ్చును. ఇవన్నియు నాణెము దొరకినచోటుతో కూడియున్నంతకాలమే పలుకు సాక్ష్యములు.

చట్టము చెప్పునది

సర్కారు ఊరక పట్టుకొనిపోవునను భయమునకు సమాధానము కొంత చట్టములోనే కలదు. 1878 నాటి భారత నిధినిక్షేపముల చట్టము ప్రకారము, పదిరూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. నిధి ఏమి, ఎచ్చట, ఎప్పుడు దొరకినదో చెప్పవలెను. దానికి పూర్వపు సొంతదారు లేడని తేలి, భూమి యజమానియు దొరకినవాడును వేరైనచో, వారిలో వేరు ఒప్పందము లేనప్పుడు, దొరకినవానికి నాల్గింట మూడుపాళ్లు, భూమి యజమానికి ఒకపాలు చెందును. ప్రభుత్వమే దానిని తీసికొనదలచినచో లోహపు విలువయు, ఆపైన అందు ఐదవవంతును చెల్లింపవలెను. దాచినవానికి భాగము పోవుటయేకాక, ఏడాదివరకు చెరసాల గాని, జరిమానా గాని, రెండును గాని కలుగును.

అనగా, చట్టప్రకారము నడచినవాడు కంసాలికి తక్కువకు అమ్ముకొన్నవానికంటె నష్టపడడు. నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. వానిని సొంతముగా విదేశములకు పంపుట నిషిద్ధము. ఇంత స్పష్టముగా నున్న సంగతి మన పల్లెలలో ఎందరికి తెలియును? తెలియజేయగలవాడు ఊరి ఉపాధ్యాయుడు. అధికారిని చూచి వెనుదీయు రైతు, తన పిల్లవానికి చదువు చెప్పు పంతులుగారి యొద్దకు మాత్రము కొంగున ముడివేసిన నాణెముతో రాగలడు.

బడిలో చేయదగిన సేకరణ

సేకరణ యనగా బంగారము కొనుట యని భయపడ నవసరము లేదు. వన్యమృగముల నాణెములను కూర్చు కుతూహలము గల విద్యార్థికి మన దేశపు చిల్లరయే చాలును. 1947 నాటి నికెలు రూపాయిపై పెద్దపులి కలదు. 1950లో గణతంత్రము ఏర్పడిన పిమ్మట వచ్చిన పైసపై గుఱ్ఱము, అణాపై ఎద్దు నిలిచినవి. 1988 నుండి వచ్చిన ఉక్కు పావలాపై ఖడ్గమృగము కలదు. ఆ పావలా 2011 జూను 30తో చెలామణి కోల్పోయినది. దక్షిణాఫ్రికావారు బంగారముపై చూపిన మృగమునే మనవారు పావలాపై చూపి బీదవాని చేతిలో పెట్టినారు. రిజర్వు బ్యాంకు చిహ్నమందలి పులి కథ ఇంకను వినోదకరము. ఈస్టిండియా కంపెనీ కొట్టించిన రెండు మొహరీల బంగారు నాణెముపై సింహము, తాటిచెట్టు ఉండెను. బ్యాంకు చిహ్నమును రూపొందించినప్పుడు చెట్టును ఉంచి, సింహమునకు బదులు మన పులిని నిలిపినారు.

ప్రతి నాణెమునకు ఒక కాగితపు పొట్లము, దానిపై నాలుగు విషయములు: దొరకినచోటు, దొరకిన తేది, తూకము, ఇరువైపుల గల గుర్తులు. పలుచని కాగితము పైనుంచి పెన్సిలుతో రుద్దినచో నాణెపు ముద్ర కాగితముపై కెక్కును. పాత నాణెమును చింతపండుతోనో, ఇసుకతోనో తోమరాదు. తోమినచో మకిలితో పాటు అక్షరములును పోవును. తూకము విషయమున భౌతికశాస్త్ర పాఠమును చెప్పవచ్చును. మేలిమి బంగారము నీటికంటె 19.3 రెట్లు బరువైనది, కనుక 31.1 గ్రాముల మేలిమి నాణెము నీట మునిగినప్పుడు సుమారు 1.6 మిల్లీలీటర్ల నీటిని మాత్రమే తొలగించును. ఆర్కిమీడిసు కిరీటపు కథ అప్పుడు పుస్తకములో నుండి బల్లమీదికి వచ్చును.

బడిపిల్లలు ఏడాదికొకమారు పానగల్లు, పిల్లలమఱ్ఱి, అలంపురము మ్యూజియములకును, వీలైనచో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమునకును పోవుట మంచిది. అచ్చట ఒక్కొక్క వస్తువు ప్రక్కన వ్రాసియున్న ఊరిపేరును చదువుట వారికి నేర్పవలెను. వస్తువును చూచి ఆనందించుట సులభము; ఊరిపేరును చూచి ఆలోచించుట చదువు.

అమ్రాబాదు అడవులు పూర్వపు పాలమూరు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించియున్నవి. అందు పులులు నేటికిని తిరుగుచున్నవి. 1947 నాటి రూపాయిపై నిలిచిన పులికి ఇచ్చట బంధువు లున్నారు. కాని ఫణిగిరి నాణెములపై నడచిన ఏనుగుకు తెలంగాణ అడవులలో నేడు మందలు లేవు. అడవిలోని మృగమును గాని, నేలలోని నాణెమును గాని పోగొట్టుకొనుట ఒక్క పూట పని. తిరిగి తెచ్చుకొనుట ఎవరి తరమును కాదు. టంకశాలవారు సింహపు నాణెములను మరల ఎన్నియైనను కొట్టగలరు. అక్కెనపల్లి కుండను, ఫణిగిరి కుండను ఏ టంకశాలయు కొట్టలేదు. రేపటి వానకు ఏ పాటిగడ్డపై ఏమి తేలునో ఎవరికిని తెలియదు. అది తేలిన దినమున మొదట చూచు కన్ను ఒక విద్యార్థిదియై, ఆ విద్యార్థికి దానిని ఎవరికి చూపవలెనో తెలిసియుండుట మన బడులు చేయగల మేలు.